శేషాద్రి నాయుడి జీపు

ఆ జీపు ఇంజనుకు పెద్ద రోగమేమీ లేదు. బానెట్టు ఎత్తిన అరగంటలోనే నాకు ఆ సంగతి తెలిసిపొయింది. అయినా పగిలిపొయిందని చెప్పినాను. పోయినేడు కత్తిరి ఎండల్లో నేను చెప్పిన ఆ ఒక్క మాటకు మా ఇంట్లో ఇప్పుటికీ నీడ తొలగలేదు.

నా పేరు శక్తివేల్. వేలూరులో పాలారు వంతెనకు ఇవతల, కాట్పాడి రోడ్డు పక్కన నాకొక షెడ్డు ఉండాది. పాత బండ్లు చూస్తాను. కొత్త కార్లు నా దగ్గరికి రావు. వాటికి కంప్యూటరు పెట్టి చూసేవాళ్ళు వేరే ఉండారు. నా భార్య జెన్సి ఒక పెద్దాసుపత్రిలో ఆయా పని చేస్తాది. ఆ జీపు చెంగమ్మ వాళ్ళది. ఆయమ్మను మొదట చూసింది తనే. కంటి ఆపరేషనుకని వచ్చిన ఆయమ్మ, వార్డులో అరవం మధ్య తెలుగు మాట వినబడేతలికి జెన్సి చెయ్యి పట్టుకోని వదల్లేదంట. మూడు దినాలు ఊరి కథలన్నీ చెప్పుకొనింది. మొగుడు శేషాద్రి నాయుడు పొయినంక కొట్టంలో నిలిచిపొయిన జీపు కథ కూడా చెప్పింది.

"మా ఆయన మెకానిక్కేనమ్మా. వచ్చి చూస్తాడు. ఉన్నది ఉన్నట్టు చెప్తాడు" అనిందంట జెన్సి.

అప్పుటికి ఆ మాట నిజమే.

నేను పొయినప్పుడు కత్తిరి మొదులై నాలుగు దినాలు. గుడియాత్తం దాటి మోర్ధానా డ్యాముకు పొయ్యే దోవలో, ఏటి పక్కన వాళ్ళ ఊరు. ఏట్లో ఇసక తెల్లగా కండ్లు కుట్టేట్టు మెరస్తా ఉన్నింది. ఇంటి వెనక పశువుల కొట్టం. దాంట్లో టార్పాలు కప్పిన జీపు. టార్పాలు లాగితే ముందు సీట్లో పొదుగు కోడి ఒకటి, గుడ్లమీద నుంచి నన్ను చూసి గుర్రుమనింది కానీ లేవలేదు.

"మా నాయన మిలిటరీ వేలంలో కొన్న బండి అన్నా ఇది" అని చెప్పింది చెంగమ్మ కూతురు. ఆ పాప పేరు మేనక. ఇరవై రెండు, ఇరవై మూడేండ్లు ఉంటాయి. గుడియాత్తంలో డిగ్రీ చదివింది. "ఆయన పొయ్యి రెండేండ్లాయె. అప్పుట్నుంచి కదల్లేదు."

బానెట్టు ఎత్తినాను. ఎత్తి, కొంచేపు ఏమీ చెయ్యకుండా అట్లే నిలబడినాను. ఇప్పుడు యాడ చూసినా ఈ జీపులకు పాత ఇంజను పెరికేసి డీజలు ఇంజన్లు బిగించేసినారు. ఇది అట్లా కాదు. కంపెనిలోంచి వచ్చిన పెట్రోలు ఇంజను, నంబరు పలకతో సహా, దుమ్ము కింద భద్రంగా ఉన్నింది. ఇట్లాంటి దానికోసమే బెంగుళూరాయన ఒకడు ఏడాదిగా నాకు ఫోన్లు చేస్తా ఉన్నాడు. పాత జీపులు కొని దాచుకొనేది ఆయన సరదా. నేను ఆయనకు ఎప్పుడూ లేదు లేదు అనే చెప్తా వచ్చినాను.

హ్యాండిలు వేసి తిప్పినాను. తిరగలేదు. ప్లగ్గులు ఊడదీసి టార్చి వేసి చూసినాను. నిలబడి నిలబడి లోపల కొంచెం తుప్పు పట్టి బిగుసుకొనింది, అంతే. నూనె పోసి నానబెడితే వదులుతాది. పెట్రోలు దోవంతా కడగల్ల. వైర్లు ఎలకలు కొరికినాయి, అవి మార్చల్ల. నెల దినాల పని.

నా పక్కనే మేనక మాట్లాడతా ఉన్నింది.

"డ్యాం దాకనే అన్నా బస్సు. దానికి పైన కొండమీద మూడు చిన్న ఊర్లుండాయి. పిల్లోళ్ళు బడికని అంత దూరమూ నడిచి దిగల్ల. వాన పడితే రారు. ఆడపిల్లోళ్ళను ఎనిమిదితోనే నిలిపేస్తారు. ఆ రాళ్ళ దోవలో ఆటో ఎక్కదు, వ్యాను ఎక్కదు. ఇది ఎక్కతాది. మా నాయన ఎక్కించినాడు, నన్ను పక్కన కూర్చోబెట్టుకోని. నాకు లైసెన్సు ఉండాది. ఆ ఇండ్లల్లో అందురితో మాట్లాడి వచ్చినా. పళ్ళికూడం తెరిచేలోగా బండి కదిలితే చాలన్నా."

చెంగమ్మ కంటికి నల్లద్దాలు పెట్టుకోని కొట్టం గుంజకు ఆనుకోని కూర్చోని ఉన్నింది. "ఇది చెప్పేది ఇట్ల. నా తమ్ముడు సురేంద్రన్ అమ్మేయమంటాడు. గుడియాత్తంలో ఒకడు ఇంజనే మార్చల్లంటాడు, ఇంకొకడు మూణ్ణెల్లు నా దగ్గర ఇడిచిపెట్టు అంటాడు. ఎవుర్ని నమ్మేది నాయనా? నువ్వు మనోడివి. నీ పెండ్లాం నన్ను ఆసుపత్రిలో కన్నకూతురి మాదిరి చూసుకొనింది. నువ్వు రిపేరు చేద్దామంటే చేద్దాం. అమ్మేద్దామంటే అమ్మేద్దాం."

ఇంజను పక్కన ఒకచోట నీళ్ళు కారి కారి తుప్పు చార కట్టి ఉన్నింది. రూపాయి బిళ్ళంత ఇనప మూత ఒకటి ఉంటాది ఆడ. అది లూజైతే నీళ్ళు కారతాయి. కొత్త మూత కొట్టేస్తే సరిపోతాది. నా కండ్లు ఆ చారమీద నిలిచినాయి. నేనేమీ ముందే అనుకోని పోలేదు. ఇది చెప్తే ఎవురూ నమ్మరు, నమ్మాల్సిన పనీ లేదు. కానీ ఆ చార చూసినంక నోట్లోంచి మాట తనంతట తానే వచ్చినట్టు వచ్చింది.

"ఇంజను బ్లాకు పగిలిపొయిందమ్మా" అన్నాను. "ఇదో, ఈ గీత చూడండి. దీనికి ఎంత పెట్టినా వృథానే."

మేనక వంగి చూసింది. వేలితో ఆ చారను రుద్దింది. వేలికి ఎర్రగా తుప్పు అంటుకొనింది. "రుద్దితే పోతాంది కదన్నా?"

"పైన పోతాది. లోపల పోదు."

ఆ పాప నా మొగం చూసింది. అనుమానంతో కాదు. నన్ను అనుమానిస్తే బాగుండునని ఆ తర్వాత ఎన్నోసార్లు అనుకొన్నాను. ఏదైనా ఇంకో దోవ ఉండాదేమో చెప్తానని చూసింది. నేను తల దించుకోని ప్లగ్గులు బిగించినాను.

"సరి లేమ్మా" అనింది చెంగమ్మ కూతురితో. "కానిదాన్ని పట్టుకోని ఏడిస్తే ఏమొస్తాది? అన్న నిజం చెప్పినాడు. వేరేవాడైతే అవుతాది అవుతాదని మన దగ్గర దుడ్లు గుంజుకొనుండును."

పాత ఇనుము రేటుకు నేనే తీసుకొంటానని చెప్పినాను. నాకు కూడా గిట్టదు, మీకోసమని. ఆ మాట కూడా అన్నాను.

నాలుగు దినాలకు వ్యాను తీసుకోని పొయి తాడు కట్టినాను. కోడి పిల్లల్ని చేసి దిగిపొయి ఉన్నింది. తాడుతో లాగేటప్పుడు జీపు స్టీరింగు పట్టుకొనేదానికి మనిషి కావల్ల. మేనక ఎవుర్నీ అడక్కుండా ఎక్కి కూర్చొనింది. మట్టిదోవ, గుంతలు. నేను వ్యాను నడపతా అద్దంలో చూస్తా ఉంటే, చచ్చిన బండిని కూడా ఆ పాప ఎంత పదిలంగా తిప్పతా ఉన్నిందో. గుంత వస్తే ముందే పక్కకు కోస్తాది, మలుపులో తాడు తెగకుండా మెల్లిగా వస్తాది. మంచి చెయ్యి. నేను ముప్పై ఏండ్లుగా బండ్లు నడిపేవాళ్ళను చూస్తా ఉండా, నాకు తెలుసు. తారు రోడ్డు కాడ, ఆడ కాచుకోని ఉన్న నా షెడ్డు పిల్లోడికి స్టీరింగు ఇచ్చి దిగి, ఒక ఆకుపచ్చ రేకు డబ్బా నా చేతికిచ్చింది.

"నాయన కొనిపెట్టిన కొత్త సామాన్లన్నా. ఈ బండికి తప్ప వేరే దేనికీ సరిపోవు. నీకు దేనికన్నా పనికొస్తాయేమో."

తీసుకొన్నాను.

గుడియాత్తంలో గంగమ్మ సిరసు తిరణాల అయిన వారానికి, ఒక మధ్యాన్నం, జీపు స్టార్టయింది. తొమ్మిది దినాలు నూనెలో నానింది. రేకు డబ్బాలో సామాన్లన్నీ సరిగ్గా ఆ బండికి కావల్సినవే. రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకొనింది. ఎంత మెత్తటి శబ్దం! షెడ్డంతా నిండిపొయింది. ఆ కాసేపు నేను చేసిందంతా మరిచిపొయినాను. నవ్వుతా వెనక్కి తిరిగితే అన్నం క్యారియరు పట్టుకోని జెన్సి నిలబడి ఉన్నింది. తను కూడా నవ్వతా ఉన్నింది.

"ఎవురిది? ఎంత బాగా పలకతా ఉండాది!"

"చెంగమ్మ వాళ్ళది."

"పగిలిపొయిందంటివే?"

ఇంజను ఆపేసినాను. జెన్సి జీపునూ చూసింది, నన్నూ చూసింది. క్యారియరు బల్లమీద పెట్టింది. మామూలుగా విప్పి వడ్డించి, నేను తినేదాకా ఉండి పోతాది. ఆ దినం వడ్డించలేదు.

ఇంటికి పొయినంక బెంగుళూరాయన సంగతి చెప్పినాను. షెడ్డు రేకులు మార్చొచ్చని చెప్పినాను. లోకంలో అందురూ చేసే వ్యాపారమే అని చెప్పినాను. తను బియ్యం ఏరతా అంతా వినింది.

"బండి ఇంకా మన దగ్గరే ఉండాది కదా" అనింది కడాకు.

అంతే. తిట్టలేదు. ఆ నెలంతా ఇంకోసారి ఆ మాట ఎత్తలేదు. మాట ఎత్తలేదు కాబట్టి నేనూ పని కానిస్తా పొయినాను. రేకు సరిచేసినాను, స్ప్రింగు పట్టీలు మార్చినాను, ముదురు ఆకుపచ్చ రంగు కొట్టించినాను, కొత్త గుడ్డ టాపు వేయించినాను. నా చేతులతో అంత శ్రద్ధగా ఏ బండీ చెయ్యలేదు.

జూన్ నెల కడాకు, బెంగుళూరాయన వచ్చేదానికి వారం ఉండంగా, చెంగమ్మ వచ్చింది. ఆసుపత్రికి కన్ను చూపించుకొనేదానికి వచ్చి, జెన్సిని తోడు తీసుకోని షెడ్డుకు వచ్చింది. సంచి నిండా మామిడికాయలు.

"మా చెట్టువి నాయనా. వట్టి చేతులతో యాడొచ్చేది?"

షెడ్డులో కూర్చొనేదానికి ఒకటే స్టూలు. అది జీపు పక్కన ఉన్నింది. చెంగమ్మ దానిమీద కూర్చోని, కొంగుతో మొగం తుడుచుకోని, జీపు మడ్గార్డుమీద చెయ్యి వేసి ఆనుకొనింది. ఆయమ్మ దాన్ని ఒకసారి పైనుంచి కిందికి చూసింది.

"మాది కూడా ఇట్లాంటిదే కదా" అనింది. "రంగులో ఉంటే ఎంత అందంగా ఉండాది! ఈయప్ప అదృష్టవంతుడు, ఎవురో."

జెన్సి నీళ్ళ చెంబు ఇచ్చి, వెంటనే గోడ పక్కకు తిరుక్కొనింది.

"పాప ఎట్ల ఉండాది?" అని అడిగినాను. ఏదో ఒకటి అడగల్ల కదా.

"పేర్ణాంబట్టులో షూ కంపెనికి పోతాంది. తెల్లారే వ్యాను వస్తాది. ఆ అంటించే బంక వాసనకు తలనొప్పి అంటాది, ఆదివారమంతా పడుకొనే ఉంటాది. అలవాటైపోతాది లే. కొండమీద ఇద్దురాడపిల్లోళ్ళు ఈ ఏడు పళ్ళికూడానికి రాలేదంట, అది చెప్పి ఒకనాడు అన్నం తినలేదు. నేనే తిట్టినా. బండి పగిలిపోతే మనమేం జేసేది అని." నీళ్ళు తాగి చెంబు కింద పెట్టింది. "మా ఊర్లో అందురికీ నీ పేరే చెప్తా ఉండా నాయనా. పగిలిందాన్ని పగిలిందని మొగం మీద చెప్పే మెకానిక్కు యాడుండాడీ కాలంలో? మా ఎదురింటి కన్నప్ప మోటారుబండి కూడా నీ దగ్గరికే తెస్తాడంట."

ఆ నిముషంలో చెప్పొచ్చు. తాళంచెయ్యి నా జేబులోనే ఉన్నింది. అమ్మా, మీరు ఆనుకొనింది మీ బండే అని ఒక్క మాట. నేను మామిడికాయల సంచి తీసుకోని పోయి లోపల పెట్టి వచ్చినాను. వచ్చేలోగా ఆయమ్మ బస్సుకు టయిమైందని లేచింది.

జెన్సి ఆయమ్మను బస్సు ఎక్కించి ఇంటికే పొయింది. నేను పొయ్యేతలికి వాకిట్లో కూర్చోని ఉన్నింది.

"నువ్వు చెప్తావని చూస్తా ఉన్నాను" అనింది. "నేనే చెప్పేద్దును. నా మాటమీద వచ్చింది కదా ఆయమ్మ నీ దగ్గరికి. కానీ చెప్తే నా మొగుడు దొంగ అని చెప్పల్ల. నాకు నోరు రాలేదు. నాకూ సిగ్గు లేకుండా పొయింది."

వారానికి బెంగుళూరాయన వచ్చినాడు. ఇంజను శబ్దం విని, నంబరు పలకమీద చెయ్యి వేసి, చిన్నపిల్లోడి మాదిరి సంతోషపడినాడు. తాళంచెయ్యి ఇచ్చేసినాను. ఆ వారమంతా ఇవ్వకూడదనే అనుకొన్నాను. అనుకొంటానే ఇచ్చేసినాను. ఆయన ఇచ్చిన కవరు ఇంట్లో బీరువామీద పెట్టినాను. జెన్సి దాన్ని ముట్టుకోలేదు. బీరువా తుడిచేటప్పుడు కూడా దాని చుట్టూ తుడిచి వదిలేస్తా ఉన్నింది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ అడిగి వేయించుకొనింది. నేను ఇంటికొచ్చేతలికి తను బయలుదేరతాది. ఇద్దురమూ ఒక ఇంట్లో ఉండి, వాకిట్లో ఎదురుపడి పక్కకు తప్పుకొనేవాళ్ళం.

జూలై కడాకు, ఆడి నెలలో ఒక శనివారం ఆ కవరు తీసుకోని గుడియాత్తం బస్సెక్కినాను.

వాళ్ళ ఊరి మలుపులో సాయంత్రం కంపెని వ్యాను నిలిచింది. నలుగురు ఆడోళ్ళతో మేనక దిగింది. చిక్కిపొయి ఉన్నింది. వేళ్ళ కొసల్లో బంక ఎండి తెల్లగా పొక్కులు కట్టి ఉన్నాయి. నన్ను చూసి, "ఏమన్నా, ఇట్ల వచ్చినావు?" అని నవ్వింది.

"బ్లాకు పగల్లేదు పాపా" అన్నాను. దోవంతా వేరే మాటలు కూర్చుకోని వచ్చినాను. అవేమీ రాలేదు. "నేను అబద్ధం చెప్పినా. బండి నడిచింది. బెంగుళూరాయనకు అమ్మేసినా. ఆయన ఇచ్చిందంతా ఇందులో ఉండాది."

మేనక అన్నం బ్యాగు భుజం మార్చుకొనింది. మిగిలిన ఆడోళ్ళు మలుపు తిరిగి కనబడకుండా పొయినారు.

"ఎన్ని దినాలకు కదిలింది?" అని అడిగింది.

"తొమ్మిది."

"నూనె పోసినావా?"

"ఊఁ."

"మా నాయన చెప్పి ఉన్నాడు, బిగుసుకొంటే నూనె పోసి పెట్టల్లని. నేను పోసేదానికే నూనె డబ్బా తెచ్చి పెట్టుకొన్నా. నువ్వు వచ్చి చూసినంక పోద్దామని ఆగినా." ఆ పాప గొంతులో కోపం లేదు. లెక్క సరిచూసుకొనే మాదిరి చెప్పింది. "నువ్వు పగిలిందంటివి. ఇంక పొయ్యలేదు."

నేను కవరు చాపినాను. "ఇంకో బండి చూస్తా పాపా. నేనే చూసి, నేనే చేసి…"

"నువ్వు చూసి చెప్పల్లనా?"

కవరు మటుకు తీసుకొనింది. "ఇది మాదే కదా?" అని అడిగింది. మీదే అన్నాను. అన్నం బ్యాగులో పెట్టుకొనింది.

"అమ్మకు కూడా చెప్పి, కాళ్ళమీద పడి పోతాను" అన్నాను.

"వొద్దు." మొదటిసారి గొంతు పెంచింది. "నాయన పొయినంక మా యమ్మ నమ్మింది నిన్నొకణ్ణే. అది గూడా అబద్ధమని తెలిస్తే ఇంక మనిషినే నమ్మదు. ఇంజను సామాన్లకు బెంగుళూరులో మంచి రేటొచ్చిందని, మిగిలింది తెచ్చిచ్చినావని చెప్తా. నువ్వు నోరు తెరవాకు. నీకోసం కాదు."

చెంగమ్మకు అట్లే చెప్పింది. చెంగమ్మ రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టింది. ఒకసారి అమ్మేసినంక ఎవురు తెచ్చిస్తారు నాయనా అని ఏడ్చింది. రాగిముద్ద, పప్పు చేసి పెట్టింది. తినకుండా కదల్నియ్యలేదు. మేనక గడపలో కూర్చోని వేళ్ళ బంక గీక్కొంటా ఉన్నింది. నేను తినేదాకా నా పక్క చూడలేదు.

ఇంటికొచ్చి జెన్సికి అంతా చెప్పినాను. "ఆ పాపకు చెప్పినావు కదా" అనింది. తర్వాత నెలలో రాత్రి డ్యూటీ మాన్పించుకొనింది. అన్నం క్యారియరు మళ్ళీ తెస్తాది. కానీ ఎవురికీ నా గురించి మంచి మెకానిక్కు అని చెప్పదు.

కార్తీకంలో మేనక చిత్తూరు పక్క ఇంకొక పాత జీపు కొనింది. డీజలు ఇంజనుదే. షూ కంపెని మానేసింది. ఇప్పుడు పొద్దున్నా సాయంత్రమూ కొండ ఎక్కి దిగతాదంట. ఆ ఇద్దురాడపిల్లోళ్ళల్లో ఒకతి మళ్ళీ పళ్ళికూడానికి వస్తాంది. ఇంకొకతికి అప్పుటికే పెండ్లి చేసేసినారు.

ఇదంతా నాకు చెంగమ్మే చెప్తాది, ఫోన్లో. రెండు వారాల ముందు కూడా చేసింది. కొండ దోవలో బండి క్లచ్చు పొయిందంట. మేనక గుడియాత్తంలోనే ఎవురి దగ్గరో ఇచ్చిందంట.

"వేలూరికి శక్తివేల్ అన్న దగ్గరికి తీసకపోవే అంటే, దూరం లేమ్మా అంటాది. ఎంత చెప్పినా వినదు" అనింది ఆయమ్మ. "నువ్వు మాకు ఇంత చేస్తే, ఇది ఇంకొకరి దగ్గరికి పొయిందని నాకే సిగ్గుగా ఉండాది నాయనా. చిన్నపిల్ల. నువ్వేమీ అనుకోవాకు."

"నేనేమీ అనుకోనమ్మా" అన్నాను.